పాత బుల్లెట్‌లో క్లచ్ కేబుల్ మళ్లీ మళ్లీ తెగుతుంటే చూడవలసినవి

మీరు చెప్పినదాని ప్రకారం మీది 1986 నాటి, కుడికాలి గేరున్న కాస్ట్ ఐరన్ ఇంజను బుల్లెట్ 350. నిరుడు దానికి ఎత్తు హ్యాండిల్ వేయించారు. అప్పటి నుంచి క్లచ్ లివర్ బిగుతుగా ఉంటోంది, కొత్త కేబుల్ వేసినా కొన్ని నెలలకే తెగుతోంది, తెగడమూ ప్రతిసారీ లివర్ దగ్గరే తెగుతోంది. పైగా బండి ఐడ్లింగులో ఉండగా హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు తిప్పితే ఇంజను రేసు దానంతటదే పెరుగుతోంది. ఇవన్నీ చెప్పి, ఏ కంపెనీ కేబుల్ కొంటే మన్నుతుందని అడిగారు.

నా సమాధానం ఏమిటంటే, మీరు ఏ కంపెనీ కేబుల్ కొన్నా ఇదే జరుగుతుంది. మీరు చెప్పిన మూడు లక్షణాలూ కేబుల్ నాణ్యతను కాక, అది వెళ్లే దారినీ, దాని రెండు చివరలు కూర్చున్న తీరునూ చూడమంటున్నాయి. నాసిరకం కేబుళ్లు బజారులో లేవని నేను అనను. అయితే నాసిరకం కేబుల్ ఎక్కడైనా తెగవచ్చు. ప్రతిసారీ ఒకే చోట తెగుతోందంటే ఆ చోటులోనే లోపం ఉంది. వీటన్నిటికన్నా ముందు ఒక మాట. హ్యాండిల్ తిప్పినప్పుడు రేసు పెరగడం చిన్న విషయం కాదు. సందు మలుపులో నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు బండి తనంతట తాను ముందుకు దూకుతుంది. యాక్సిలరేటర్ కేబుల్ సంగతి తేలేదాకా బండిని బయటకు తీయకండి.

కేబుల్ పనిచేసే తీరు తెలిస్తే మిగిలినదంతా సులువుగా అర్థమవుతుంది. మనం తీగను లాగుతున్నామనే అనుకుంటాం గానీ, నిజానికి అక్కడ రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. లోపలి తీగ, అంటే ఇన్నర్, ఎంత బలంతో లాగబడుతుందో, దాని మీది గొట్టం, అంటే ఔటర్, అంతే బలంతో నొక్కబడుతుంది. ఔటర్ రెండు చివరలూ లివర్ బ్రాకెట్‌లోనూ, కేబుల్ బిగువును సర్దే మర అయిన అడ్జస్టర్‌లోనూ గట్టిగా, తిన్నగా ఆని ఉన్నప్పుడే లివర్ కదలిక మొత్తం అవతలి చివరకు చేరుతుంది. చివరి టోపీ వదులైనా, ఔటర్ లోపలి స్టీలు చుట్టలు విడిపోయినా, మన నొక్కుడులో కొంత ఆ చుట్టలు దగ్గరపడడానికే ఖర్చయిపోతుంది. ఈ ఏర్పాటుకు 1896లో బ్రిటన్‌లో పేటెంటు పొందినవాడు ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్. రాలీ సైకిళ్ల ఫ్రాంక్ బౌడెన్‌కే ఈ ఘనతను కట్టబెట్టేవారు ఇప్పటికీ కనిపిస్తారు, కానీ వారిద్దరూ వేరు.

ఇక దారి సంగతి. వంకర తిరిగిన చోటల్లా ఇన్నర్ ఔటర్ గోడను ఒరుసుకుంటుంది. ఆ ఒరిపిడిలో పోయే బలం దారిలో ఉన్న మొత్తం వంపు కోణం మీద ఆధారపడుతుంది గానీ, కేబుల్ పొడవు మీద పెద్దగా ఆధారపడదు. ఒరిపిడి ఎంతో చెప్పే సంఖ్యను, అంటే ఘర్షణ గుణకాన్ని, 0.15 అనుకుని లెక్క వేస్తే, కేబుల్ మొత్తం మీద 90 డిగ్రీలు వంగినప్పుడు మీరు లాగిన బలంలో సుమారు 21 శాతం దారిలోనే పోతుంది. 180 డిగ్రీలకు 38 శాతం, 270 డిగ్రీలకు దాదాపు సగం పోతుంది. అదే 270 డిగ్రీల దారిలో నూనె బాగా పట్టి గుణకం 0.1కి దిగితే నష్టం 38 శాతం దగ్గర ఆగుతుంది. లోపల తుప్పు పట్టి 0.3కి చేరితే బలంలో నాలుగో వంతు మాత్రమే గేర్‌బాక్స్‌కు అందుతుంది. ఈ లెక్కలో వంపు కోణాలన్నీ కూడుతూ పోతాయని గమనించండి. ఎడమకు 60 డిగ్రీలు వంగి, మళ్లీ కుడికి 60 డిగ్రీలు వంగితే ఒకదానికొకటి కొట్టుకుపోవు, 120 డిగ్రీలు అవుతాయి. కాబట్టి పాములా మెలికలు తిరిగిన కేబుల్‌ను ఎంత ఖరీదు పెట్టి కొన్నా అది బిగుతుగానే ఉంటుంది.

ఒకే కోణాన్ని చిన్న వంపులో తిప్పినా పెద్ద వంపులో తిప్పినా ఈ లెక్క ప్రకారం నష్టం ఒకటే. అయినా చిన్న వంపును నేను ఒప్పుకోను. అక్కడ ఒరిపిడి అంతా కొద్ది చోటులో పడి ఔటర్ గోడ త్వరగా అరుగుతుంది, తీగపోగులు ప్రతి లాగుడుకూ వంగి నిటారై అలసిపోతాయి. క్లచ్ కేబుల్‌ను మీ అరచేయి వెడల్పు కన్నా చిన్న వ్యాసార్ధంతో ఎక్కడా వంచవద్దు.

పాత బుల్లెట్‌లో క్లచ్ కేబుల్‌కు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. క్లచ్ ప్లేట్లు ఎడమవైపు ప్రైమరీ చైన్‌కేసులో (ఇంజను నుంచి క్లచ్‌కు వెళ్లే చైను ఉండే పెట్టెలో) ఉన్నా, వాటిని తోసే పుష్‌రాడ్ గేర్‌బాక్స్ మెయిన్‌షాఫ్ట్ గుండా కుడివైపుకు వస్తుంది. దాన్ని కదిపే ఏర్పాటు కుడి కవరులో ఉంటుంది. లివరేమో హ్యాండిల్‌కు ఎడమవైపు ఉంటుంది. కాబట్టి కేబుల్ ఎక్కడో ఒకచోట బండిని అడ్డంగా దాటక తప్పదు. ఈ దాటింపు స్టీరింగ్ హెడ్ పరిసరాల్లో, పెద్ద వంపుతో, పైనుంచి కిందికి వాలుగా జరగాలి. అక్కడి నుంచి ట్యాంకు కింద ఫ్రేము గొట్టాన్ని అనుసరిస్తూ గేర్‌బాక్స్ పైకి రావాలి, కవరులోకి నిటారుగా దిగాలి. దాటింపును ఆలస్యం చేసి, సిలిండర్ వెనుక కార్బురేటర్ దగ్గర ఒక్కసారిగా కుడికి మళ్లించిన బండ్లు నా దగ్గరకు చాలా వచ్చాయి. అక్కడ రెండు గట్టి వంపులు పడతాయి, పైగా ఇంజను వేడికి ఔటర్ మీది ప్లాస్టిక్ మెత్తబడి వంపు మరింత బిగుసుకుంటుంది. ఈ బండికి సైలెన్సర్ గొట్టం కూడా కుడివైపే ఉంటుంది కాబట్టి, కేబుల్ సిలిండర్ హెడ్‌కు గానీ ఆ గొట్టానికి గానీ ఎక్కడా తగలకూడదు.

దారి సరిగా ఉందా లేదా అని తేల్చడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. కేబుల్‌ను గేర్‌బాక్స్ వైపు విప్పి, ఇన్నర్‌ను చేత్తో అటూ ఇటూ లాగి చూడండి. తర్వాత ఆ కేబుల్‌నే బండి నుంచి పూర్తిగా తీసి, బల్ల మీద తిన్నగా పరచి మళ్లీ లాగండి. బల్ల మీద తేలికగా జారి, బండి మీద బిగుతుగా ఉంటే తప్పు దారిది. రెండు చోట్లా బిగుతుగానే ఉంటే తప్పు కేబుల్‌ది. రెండు చోట్లా తేలికగా ఉండి, గేర్‌బాక్స్‌కు తగిలించాకే బరువెక్కితే కేబుల్‌ను వదిలి క్లచ్ వైపు చూడాలి.

ఇప్పుడు మీ ఎత్తు హ్యాండిల్. హ్యాండిల్‌ను ఎడమకు తిప్పితే కుడి పిడి ముందుకు పోతుంది. యాక్సిలరేటర్ కేబుల్ ఆ పిడి నుంచి వెనుక ఉన్న కార్బురేటర్‌కు వెళుతుంది కాబట్టి దాని దారి పొడవవుతుంది. కేబుల్‌లో అంత మిగులు లేకపోతే ఔటర్ బిగిసి, కార్బురేటర్‌లో గాలి దారిని తెరిచి మూసే స్లైడు పైకి లేస్తుంది. మీకు రేసు పెరగడానికి కారణం అదే. కుడికి తిప్పినప్పుడు క్లచ్ కేబుల్‌కు ఇదే జరుగుతుంది; పూర్తిగా కుడికి తిప్పి లివర్ దగ్గర ప్లే, అంటే కేబుల్ బిగిసేముందు లివర్ వదులుగా కదిలే ఖాళీ, చూడండి, మాయమై ఉంటుందని నా అనుమానం. అంటే ప్రతి కుడి మలుపులోనూ మీ క్లచ్ కొద్దిగా విడుతోంది, ఔటర్ లివర్ బ్రాకెట్ దగ్గర పక్కకు లాగబడి మొనదేలి వంగుతోంది. తీగ ఆ మొన మీదే అరుగుతోంది.

దీనికి మందు పొడవాటి కేబుల్. అయితే హ్యాండిల్ నాలుగు అంగుళాలు పెరిగింది కదా అని నాలుగు అంగుళాలు కలిపి ఆర్డరు ఇవ్వకండి. పాత ఔటర్ ముక్క గానీ సన్నని పెట్రోలు గొట్టం గానీ తీసుకుని, కేబుల్ వెళ్లవలసిన దారిలో పరచి, హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, ఎక్కడా బిగియకుండా, ఎక్కడా వేలాడకుండా ఉన్న పొడవును గుర్తు పెట్టుకోండి. అదే ఔటర్ పొడవు. ఔటర్‌ను ఒక చివరకు పూర్తిగా తోసినప్పుడు రెండో చివర బయట కనిపించే ఇన్నర్ పొడవు మాత్రం పాత కేబుల్‌లో ఎంత ఉందో అంతే ఉండాలి. చేసి ఇచ్చేవారికి ఈ రెండు కొలతలూ విడివిడిగా చెప్పాలి. ఔటర్ కొలత ఒక్కటే చెప్పి తెచ్చుకున్న కేబుల్ అడ్జస్టర్‌కు అందకుండా పోవడం మామూలే. అవసరానికి మించిన పొడవు కూడా చేటే, ఎందుకంటే మిగిలిన పొడవు ఎక్కడో ఒకచోట అదనపు వంపుగానే మిగులుతుంది. నన్నడిగితే పాత హ్యాండిల్‌ను తిరిగి బిగించడమే అన్నిటికన్నా మంచి మరమ్మతు, కానీ అది మీ ఇష్టం.

హ్యాండిల్‌తో పాటు లివర్లను కూడా మార్చి ఉంటే ఇంకొకటి కొలవాలి. లివర్ తిరిగే బోల్టు మధ్య నుంచి నిపుల్ (తీగ చివర బిగించిన లోహపు గుండు) కూర్చునే రంధ్రం మధ్య దాకా ఉన్న దూరం అన్ని లివర్లలోనూ ఒకటిగా ఉండదు. పాత బ్రిటిష్ కొలతల్లో 7/8 అంగుళం, అంటే సుమారు 22 మి.మీ., ఒక రకం. 1 1/16 అంగుళం, అంటే సుమారు 27 మి.మీ., ఇంకొక రకం. రెండోది కేబుల్‌ను ఎక్కువ దూరం లాగుతుంది గానీ, అదే పనికి చేతికి ఐదో వంతు ఎక్కువ బరువు తెలుస్తుంది. అందం చూసి కొన్న లివరే బిగుతుకు సగం కారణమైన బండ్లు ఉన్నాయి. కాబట్టి పాత లివర్‌ను పారేసి ఉండకపోతే రెండింటినీ పక్కపక్కన పెట్టి స్కేలుతో కొలవండి.

ఇప్పుడు అసలు తెగే చోటుకు వద్దాం. లివర్‌ను నొక్కినప్పుడు అది ఒక బిందువు చుట్టూ తిరుగుతుంది, తీగ మాత్రం తిన్నగానే ఉండాలి. ఈ రెండింటికీ పొత్తు కుదరాలంటే నిపుల్ తన రంధ్రంలో స్వేచ్ఛగా తిరగాలి. రంధ్రంలో దుమ్ము గట్టిపడినా, నిపుల్ తుప్పు పట్టినా, రంధ్రం అరిగి నిపుల్ ఒక పక్కకు ఒరిగినా, తిరగవలసిన నిపుల్ తిరగక ఆ వంపును తీగ మోస్తుంది. కట్టుతీగను అటూ ఇటూ వంచి తెంచినట్లే, ప్రతి నొక్కుడుకూ నిపుల్ మూతి దగ్గర పోగులు వంగి ఒక్కొక్కటే తెగుతాయి. అందువల్ల కొత్త కేబుల్ వేసేముందు లివర్ రంధ్రాన్ని కిరోసిన్‌తో కడిగి, నిపుల్‌ను ఒంటరిగా అందులో పెట్టి వేలితో తిప్పి చూడండి. పట్టేస్తే నిపుల్‌ను సన్నని ఎమరీ కాగితంతో రుద్దండి, రంధ్రం అరిగి ఉంటే లివర్ మార్చండి. తర్వాత అక్కడ కొద్దిగా గ్రీజు పెట్టండి. కేబుల్ మొత్తంలో గ్రీజుకు తగిన చోటు ఇదొక్కటే. లివర్ బ్రాకెట్‌లోనూ, దాని అడ్జస్టర్‌లోనూ ఉన్న చీలికలను కూడా తడిమి చూడండి, అంచులు పదునుగా ఉంటే ఆకురాయితో సాపు చేయండి.

స్థానికంగా నిపుల్ టంకం పెట్టించుకుంటున్నారా అన్నది మీరు చెప్పలేదు. ఒకవేళ పెట్టించుకుంటూ ఉంటే ఆ పని కూడా గమనించవలసిందే. మంచి పనిలో తీగ నిపుల్ గుండా బయటకు వచ్చాక పోగులను పువ్వులా విప్పి, నిపుల్ వెనుక ఉన్న గుంటలోకి సర్ది, అప్పుడు టంకం నింపుతారు. పట్టు ఆ విప్పిన పోగుల వల్ల వస్తుంది. తీగను తిన్నగా దూర్చి పైన టంకం బొట్టు వేస్తే అది ఒకనాడు జారిపోతుంది. గ్యాసు మంటతో ఇత్తడి వెల్డింగు అసలే వద్దు, ఆ వేడికి స్టీలు తీగ పదును చచ్చి మెత్తబడుతుంది. ఇంతకన్నా కనిపించని తప్పు ఒకటి ఉంది. వేడి ఎక్కువసేపు తగిలితే కరిగిన టంకం పోగుల మధ్య నుంచి నిపుల్ దాటి ముందుకు పాకుతుంది. అలా పాకినంత మేర తీగ కడ్డీలా గట్టిపడుతుంది. గట్టి భాగం ముగిసి మెత్తని తీగ మొదలయ్యే గీత దగ్గరే తెగుతుంది. నిపుల్ కిందుగా తీగను పట్టకారుతో పట్టుకుంటే వేడిని అది లాగేసుకుని టంకాన్ని ఆపుతుంది. టంకం అంటడానికి రాసే ఫ్లక్సులో ఆమ్లం కలిసి ఉంటే పని అయ్యాక బాగా కడిగించండి, లేకపోతే పోగులు లోపలి నుంచే తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ తీగకు మామూలు ఫ్లక్సుతో టంకం సరిగా అంటదు, కాబట్టి మెరుపు చూసి దాన్ని ఎంచుకోవద్దు.

కేబుల్ బిగించేటప్పుడు పాతదాన్ని ముందే లాగేయకండి. కొత్తదాన్ని పాతదాని పక్కనే పరచి, దారి సరిచూసుకున్నాకే పాతది తీయండి. ప్లాస్టిక్ టైలతో ఫ్రేముకు బిగించి కట్టే అలవాటు ఇప్పుడు ఎక్కువైంది. కేబుల్ లాగినప్పుడల్లా ఔటర్ కొద్దిగా కదులుతుంది. దానికి ఆ కదలిక ఉండాలి. బిగించి కట్టిన చోట కదలిక ఆగి, దాని పక్కనే కొత్త వంపు పుడుతుంది. కట్టవలసి వస్తే వేలు దూరేంత వదులుగా కట్టండి, ఫ్రేముకు రుద్దుకునే చోట పాత ట్యూబు ముక్క చుట్టండి. పని ముగిశాక హ్యాండిల్‌ను రెండు వైపులా తిప్పి, స్టీరింగ్ స్టాపు దగ్గర కేబుల్ ఏదీ నలగడం లేదని చూసుకోండి. ట్యాంకు బిగించాక ఇదే పరీక్షను మళ్లీ చేయాలి, ఎందుకంటే ట్యాంకు కింద నలిగిన కేబుల్ బయటకు కనిపించదు.

నూనె విషయంలో ముందు మీ కేబుల్ ఏ రకమో తెలుసుకోవాలి. ఔటర్ లోపల నైలాన్ గొట్టం ఉన్నదైతే దానికి నూనె అవసరం తక్కువ. పలుచని నూనె చుక్కలు కొన్ని చాలు, గ్రీజు పెడితే దుమ్ము చేరి ముద్దవుతుంది. లోపల ఉత్త స్టీలు చుట్టలే ఉన్న పాతరకం కేబుల్‌కు మాత్రం నూనె ఉండి తీరాలి. దాన్ని బండి నుంచి తీసి, కిరోసిన్‌తో లోపలి మురికిని కడిగి, పై చివరకు చిన్న ప్లాస్టిక్ సంచి మూలను కత్తిరించి తొడిగి, రబ్బరు బ్యాండుతో బిగించి, అందులో కుట్టుమిషను నూనె గానీ ఇంజను ఆయిలు గానీ పోసి, రాత్రంతా గోడ మేకుకు వేలాడదీయండి. కింది చివర శుభ్రమైన నూనె చుక్క కనిపిస్తే పని అయినట్లే. డబ్బాలో దొరికే తుప్పు వదిలించే స్ప్రే ఈ పనికి సరిపోదు. అది మురికిని కరిగిస్తుంది గానీ నిలిచి ఉండే నూనె పొరను ఇవ్వదు. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో వానాకాలానికి ముందూ తర్వాతా ఈ పని చేసుకోవడం మంచిది. లివర్ దగ్గర కేబుల్ మూతి పైకి చూస్తుంది కాబట్టి వాన నీరు అక్కడి నుంచే దిగి, దారిలో అన్నిటికన్నా పల్లంగా ఉన్న వంపులో నిలుస్తుంది. లివర్ రబ్బరు టోపీ చినిగి ఉంటే మార్చండి. దాని ధర అతి తక్కువ, చాలామంది బండ్లకు అదే ఉండదు.

బిగించాక సర్దుబాటు లోపలి నుంచి మొదలు కావాలి. ముందు కేబుల్ అడ్జస్టర్లన్నిటినీ పూర్తిగా వదులు చేయండి. గేర్‌బాక్స్ కుడి కవరు మీది చిన్న మూత విప్పితే పుష్‌రాడ్ స్క్రూ, దాని లాక్‌నట్ కనిపిస్తాయి. స్క్రూను పుష్‌రాడ్‌కు తగిలేదాకా మెల్లగా తిప్పి, పావు చుట్టు నుంచి అర చుట్టు వెనక్కి తిప్పి లాక్ చేయండి. ఆ తర్వాతే కేబుల్ అడ్జస్టర్‌తో, లివర్ మూలం దగ్గర 2 నుంచి 3 మి.మీ. ప్లే ఉండేలా సర్దండి. ఈ క్రమం తలకిందులై, లోపలి స్క్రూను వదిలేసి ఎప్పుడూ కేబుల్‌నే బిగిస్తూ పోతే, లివర్ కదలిక సగం వృథా అయి క్లచ్ పూర్తిగా విడవదు, గేర్లు గీరుకుంటాయి. ప్లే అసలు లేకుండా చేస్తే పుష్‌రాడ్ ఎప్పుడూ ఒత్తిడిలో ఉండి ప్లేట్లు జారతాయి.

యాక్సిలరేటర్ పిడి దగ్గరా 2 నుంచి 3 మి.మీ. తిరిగేంత ప్లే ఉండాలి. పిడిని వదిలితే అది తానే చటుక్కున మూతపడాలి, హ్యాండిల్ ఏ వైపు ఉన్నా సరే. కార్బురేటర్ స్ప్రింగుదే ఆ పని కాబట్టి, పిడి లోపల తెగిన ఒక్క పోగు చిక్కుకున్నా స్లైడు తెరుచుకునే ఉండిపోతుంది. ఏ కేబుల్‌లోనైనా ఒక్క పోగు తెగి కనిపించిందంటే ఆ కేబుల్ పని అయిపోయిందని లెక్క. యాక్సిలరేటర్, ముందు బ్రేకు విషయంలో ఇందులో మినహాయింపు లేదు.

ముందు బ్రేకు కేబుల్ ఫోర్కుతో పాటు కదలాలి. ఫోర్కు పూర్తిగా నొక్కుకున్నప్పుడు మడత పడకుండా, పూర్తిగా సాగినప్పుడు బిగియకుండా, ముందువైపుకు ఒక విశాలమైన వంపు ఇవ్వాలి. లివర్‌ను గట్టిగా పట్టినప్పుడు డ్రమ్ము దగ్గర ఉన్న కేబుల్‌కూ బ్రేకు ఆర్ముకూ మధ్య కోణం లంబంగా ఉంటే లాగుడు పూర్తిగా పనికి వస్తుంది. ఆర్ము లంబం దాటిపోతుంటే షూలు అరిగాయని అర్థం, కేబుల్‌ను బిగించి దాచవద్దు. కిక్కు కొట్టేముందు సిలిండర్‌లోని ఒత్తిడిని వదిలే వాల్వు, అంటే డీకంప్రెసర్, కేబుల్‌కు కొంత వదులు తప్పనిసరి. అది బిగిసి ఉంటే ఆ వాల్వు సరిగా మూసుకోక కంప్రెషన్ పోతుంది, కిక్కు తేలికై స్టార్టింగ్ కష్టమవుతుంది. ఎత్తు హ్యాండిల్ వేసిన బండిలో దీన్ని ఎవరూ చూడరు, మీరు చూడండి. స్పీడోమీటర్ కేబుల్ తిరిగే రకం కాబట్టి దాని ఇన్నర్‌కు కింది మూడింట రెండు వంతులకే పలుచగా గ్రీజు రాయాలి, పై భాగానికి రాస్తే అది మీటరులోకి ఎక్కుతుంది.

దూరప్రయాణం చేసేవారు రెండో క్లచ్ కేబుల్‌ను అసలుదాని పక్కనే పరచి, రెండు చివరలకూ టేపు చుట్టి ఉంచుకుంటారు. అసలుది తెగితే దారి వెతకనక్కరలేదు, చివరలు తగిలిస్తే చాలు. అది లేని చోట స్క్రూతో బిగించే నిపుల్ ఒకటి పనిముట్ల సంచిలో ఉంటే ఇల్లు చేరవచ్చు. ఆ స్క్రూ పోగులను నలిపేస్తుంది కాబట్టి ఇల్లు చేరగానే కేబుల్ మార్చాలి, ముందు బ్రేకుకు మాత్రం దాన్ని ఎన్నడూ వాడకూడదు.

ఇవన్నీ చేసి, కేబుల్‌ను గేర్‌బాక్స్ దగ్గర విప్పినప్పుడు లివర్ ఒక్క వేలికి కదులుతూ, తగిలించగానే మళ్లీ బరువెక్కుతోందంటే, ప్రైమరీ కవరు విప్పించి క్లచ్ స్ప్రింగులు ఎవరైనా గట్టివి వేశారేమో, వాటి స్క్రూలను అతిగా బిగించారేమో చూడాలి. పుష్‌రాడ్‌ను కూడా బయటకు లాగి, చివరలు చదునుపడ్డాయా, అది వంగిందా అని అద్దం పలక మీద దొర్లించి చూడండి. ఆ దశకు వస్తే ఏం కనిపించిందో రాయండి, స్ప్రింగుల సంగతి అప్పుడు మాట్లాడుకోవచ్చు.